ఇసుకలో నిలిచే ఉక్కు గోడ.. షీట్‌పైల్ కొలతలు చదవడం, తగిన సెక్షన్ ఎంచుకోవడం ఎలా?

గోదావరిఖని: వేసవిలో గోదావరి పాయ సన్నబడినప్పుడు ఇసుకలో చెలమ తవ్విన వారందరికీ రెండు సంగతులు తెలుసు. మోకాటి లోతు దాటగానే చుట్టూ ఉన్న ఇసుక జారి గుంతలో పడుతుంది. మరికాస్త లోతుకు వెళ్తే అడుగు నుంచి నీరు ఊరుతూ, సన్నని ఇసుకను కూడా వెంట తెస్తుంది. నది ఒడ్డున వంతెన పునాదికో, పంపుల బావికో పెద్ద గుంత తవ్వే ఇంజినీరుకు ఎదురయ్యేవీ ఈ రెండే. ఒకటి పక్క నుంచి వచ్చే ఒత్తిడి, రెండోది అడుగు నుంచి వచ్చే ఊట. ఈ రెండింటినీ ఒకేసారి అడ్డుకునేందుకు నేలలోకి దింపే ఉక్కు పలకల వరుసే షీట్‌పైల్ గోడ.

రామగుండం పరిసరాల్లో నదిని ఆనుకొని జరిగిన పనులు తక్కువేమీ కాదు. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి, దిగువన సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు ఉన్నాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగిన తర్వాత కటాఫ్, పైల్, పైపింగ్ వంటి మాటలు టీకొట్టు చర్చల్లోకి సైతం వచ్చాయి. అయితే నేలలోకి దింపే గోడ ఎంత పొడవు ఉండాలి, ఎంత మందం ఉండాలి, ఏ ఆకారంలో ఉండాలి అన్న విషయంలో స్పష్టత మాత్రం కొందరికే ఉంది. డిప్లొమా విద్యార్థులు, చిన్న కాంట్రాక్టర్లు, సైటు సూపర్‌వైజర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బరువు ఎక్కువైతే బలం ఎక్కువన్నది సాధారణ నమ్మకం. అది అన్నివేళలా నిజం కాదు.

అసలు సూత్రాన్ని మూడు ముక్కల్లో చెప్పవచ్చు. పైల్ పొడవును తవ్వకం లోతు, నీటి ఊట నిర్ణయిస్తాయి. సెక్షన్‌ను వంచే భారం నిర్ణయిస్తుంది. మందాన్ని తుప్పు, సుత్తి దెబ్బ నిర్ణయిస్తాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

షట్టరు పట్టీల్లా ఇమిడే పలకలు

దుకాణం షట్టరు పట్టీలు ఒకదాని అంచులో మరొకటి ఇమిడి ఉంటాయి. షీట్‌పైల్ కూడా అంతే. ప్రతి పైల్‌కు రెండు అంచుల్లోనూ కొక్కెం వంటి గాడి ఉంటుంది. దీనినే ఇంటర్‌లాక్ అంటారు. మొదటి పైల్‌ను నిలువుగా దింపి, దాని గాడిలోకి రెండో పైల్ అంచును జార్చి, వైబ్రో హ్యామర్‌తోనో సుత్తితోనో కిందికి దింపుతారు. ఇలా వరుసగా దింపుకుంటూ వెళ్తే నేలలో ఉక్కు గోడ తయారవుతుంది. పని ముగిశాక పైకి లాగి మరోచోట వాడుకోవచ్చు.

జర్మనీలోని బ్రెమెన్‌లో ట్రిగ్వె లార్సెన్ అనే ఇంజినీరు 1902లో యు ఆకారపు పైల్‌ను వాడుకలోకి తెచ్చారు. మొదట్లో గాడులను రివెట్లతో బిగించేవారు. తర్వాత రోలింగ్ మిల్లులోనే గాడితో సహా పోత వచ్చే విధానం స్థిరపడింది. నేటికీ సైట్లలో యు ఆకారపు పైల్‌ను లార్సెన్ అనే పిలుస్తారు. మన దేశంలో ఈ సెక్షన్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2314 (1986) ఉంది. ఐరోపా సరుకుకు వేడిగా రోల్ చేసినదైతే ఈఎన్ 10248, చల్లగా వంచినదైతే ఈఎన్ 10249 వర్తిస్తాయి. జపాన్ సరుకు జేఐఎస్ ప్రమాణాల ప్రకారం వస్తుంది.

చూడాల్సిన కొలతలు ఐదు

కంపెనీ పట్టికలో ఎన్ని గడులున్నా, కొనేవారు ముందుగా చూడాల్సినవి ఐదే.

1. వెడల్పు: ఒక పైల్ గోడలో ఎంత మేర నిలుస్తుందో తెలిపేది. ఒక ఇంటర్‌లాక్ మధ్య నుంచి మరో ఇంటర్‌లాక్ మధ్య వరకు కొలుస్తారు. 400, 500, 600, 700 మి.మీ. వెడల్పులు సాధారణం. వెడల్పు పెరిగితే పైళ్ల సంఖ్య, గాడుల సంఖ్య తగ్గుతాయి. దింపే సమయం కలిసివస్తుంది.

2. ఎత్తు: గోడ ముందు ముఖం నుంచి వెనుక ముఖం వరకు ఉండే లోతు. బలానికి ఇదే ప్రధానం. సిమెంటు రేకు సన్నగా ఉన్నా అలల వల్ల బరువు మోస్తుంది. అదే మందమున్న చదును రేకు కిందికి వంగిపోతుంది. షీట్‌పైల్‌లోనూ అలల లోతు పెరిగే కొద్దీ వంపును తట్టుకునే శక్తి పెరుగుతుంది.

3. మందం: అంచు పలక మందం, పక్క పలక మందం వేర్వేరుగా ఇస్తారు. ఉదాహరణకు పీయూ 18 సెక్షన్‌లో అంచు పలక 11.2 మి.మీ., పక్క పలక 9.0 మి.మీ. ఉంటాయి.

4. బరువు: ఇది రెండు రకాలుగా ఉంటుంది. ఒక పైల్ మీటరు పొడవుకు ఎన్ని కిలోలన్నది మొదటిది. గోడ చదరపు మీటరుకు ఎన్ని కిలోలన్నది రెండోది. మొదటి దానిని వెడల్పుతో భాగిస్తే రెండోది వస్తుంది. పీయూ 18 మీటరుకు 76.9 కిలోలు. 0.6 మీటర్ల వెడల్పుతో భాగిస్తే చదరపు మీటరుకు 128 కిలోలు.

5. సెక్షన్ మాడ్యులస్: గోడ ఎంత వంపు భారాన్ని తట్టుకుంటుందో చెప్పే సంఖ్య. మీటరు గోడకు ఇన్ని ఘనపు సెంటీమీటర్లని ఇస్తారు. యూరప్ పైళ్ల పేర్లలోని సంఖ్యలో ఇదే దాగి ఉంటుంది. పీయూ 12 అంటే 1,200, పీయూ 18 అంటే 1,800, పీయూ 32 అంటే 3,200 ఘ.సెం.మీ. అన్నమాట.

పట్టికల్లో పొంచి ఉన్న తికమక

వేర్వేరు దేశాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు జాగ్రత్త అవసరం. జపాన్ పద్ధతి ఎఫ్‌ఎస్‌పీ-3 సెక్షన్‌కు ఎత్తు 125 మి.మీ. అని ఉంటుంది. అది ఒక్క పైల్ ఎత్తు. రెండు పైళ్లు ఎదురెదురుగా కలిసి గోడ అయినప్పుడు మొత్తం ఎత్తు 250 మి.మీ. అవుతుంది. యూరప్ పట్టికలోని యు సెక్షన్లకు మాత్రం గోడ మొత్తం ఎత్తునే ఇస్తారు. పీయూ 12కు 360 మి.మీ. అని ఉన్నది అదే. ఈ తేడా గమనించకపోతే 125ను 360తో పోల్చి తప్పు నిర్ణయానికి వస్తారు.

అలాగే మాడ్యులస్‌ను కొందరు ఒక్క పైల్‌కు, కొందరు మీటరు గోడకు ఇస్తారు. ఒక్క పైల్‌కు ఇచ్చిన సంఖ్య ఎప్పుడూ చాలా చిన్నదిగా ఉంటుంది. ఎందుకంటే యు పైల్ ఒంటరిగా ఉన్నప్పుడు దాని ఎత్తు గోడ ఎత్తులో సగమే. కొటేషన్ తీసుకునేటప్పుడు 'మీటరు గోడకు' అన్న మాట రాతపూర్వకంగా ఉండేలా చూసుకోవాలి.

ఒకే బలం.. వేర్వేరు బరువు

బరువే బలం కాదనడానికి ఈ కింది లెక్కే నిదర్శనం.

పీయూ 18: వెడల్పు 600, ఎత్తు 430 మి.మీ., మాడ్యులస్ 1,800, బరువు చ.మీ.కు 128 కిలోలు
ఏజెడ్ 18: వెడల్పు 630, ఎత్తు 380 మి.మీ., మాడ్యులస్ 1,800, బరువు చ.మీ.కు 118 కిలోలు
ఏజెడ్ 18-700: వెడల్పు 700, ఎత్తు 420 మి.మీ., మాడ్యులస్ 1,800, బరువు చ.మీ.కు 109 కిలోలు
ఎఫ్‌ఎస్‌పీ-3: వెడల్పు 400, గోడ ఎత్తు 250 మి.మీ., మాడ్యులస్ 1,340, బరువు చ.మీ.కు 150 కిలోలు

చివరి వరుస చూడండి. అన్నింటికంటే బరువైనది అదే, బలంలో మాత్రం అన్నింటికంటే తక్కువ. దాని పలక 13 మి.మీ. మందంగా ఉన్నా ఎత్తు తక్కువ కావడమే కారణం. అయితే దానిని పనికిరానిదిగా కొట్టిపారేయలేం. మందం ఎక్కువ కాబట్టి దెబ్బలకు ఓర్చుకుంటుంది. పదే పదే దింపి, లాగే తాత్కాలిక పనులకు అటువంటి సెక్షన్లకు గిరాకీ ఉంటుంది.

యు, జెడ్, చదును.. ఏది ఎప్పుడు?

యు ఆకారంలో ఇంటర్‌లాక్ గోడ మధ్య గీత మీద ఉంటుంది. వంపు పడినప్పుడు జారే ఒత్తిడి అత్యధికంగా ఉండే చోటు కూడా అదే. గాడులు ఒకదానిలో ఒకటి జారితే గోడ పూర్తి బలం అందదు. పట్టికలో ఇచ్చిన మాడ్యులస్ గాడులు జారవన్న ఊహ మీద వేసినది. అందువల్ల గాడులను నొక్కి బిగించని యు పైళ్లకు, ముఖ్యంగా మెత్తని నేలలో, నీటిలో డిజైనర్లు కొంత కోత విధిస్తారు.

జెడ్ ఆకారంలో ఇంటర్‌లాక్ గోడ బయటి ముఖం మీద ఉంటుంది. అక్కడ జారే ఒత్తిడి దాదాపు ఉండదు. అందుకే పట్టికలోని బలం పూర్తిగా అందుతుంది. లోతైన తవ్వకాలకు, శాశ్వత గోడలకు ఇవి అనుకూలం. ఒంటరి జెడ్ పైల్ దింపుతుంటే మెలి తిరుగుతుంది కనుక రెండేసి కలిపి దింపుతారు. దానికి తగిన క్రేను, హ్యామర్ ఉండాలి.

చదును పైళ్లకు వంపు బలం చాలా తక్కువ. ఇవి గుండ్రని గదుల్లా పేర్చి లోపల ఇసుక నింపే పనులకు ఉద్దేశించినవి. అక్కడ గాడి తెగకుండా లాగుడును తట్టుకోవడమే ముఖ్యం. వీటిని సాధారణ తవ్వకం గోడకు వాడకూడదు.

మొదట లోతు.. ఆ తర్వాతే సెక్షన్

ఒక చిన్న లెక్క చూద్దాం. పొడి ఇసుక, ఒక ఘనపు మీటరు బరువు 1.8 టన్నులు, ఇసుక అంతర్గత ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుందాం. గోడకు పైన ఎటువంటి ఆధారం లేదు, కింద పాతిన భాగమే పట్టుకోవాలి. పాతిన వైపు ఇసుక ఇచ్చే ఎదురు బలాన్ని భద్రత కోసం ఒకటిన్నరతో భాగించి, వచ్చిన లోతుకు మరో 20 శాతం కలుపుదాం.

తవ్వకం 3 మీటర్లయితే మరో 4.4 మీటర్లు నేలలో ఉండాలి. అంటే 8 మీటర్ల పైల్ కావాలి. మీటరు గోడపై పడే గరిష్ఠ వంపు సుమారు 7.8 టన్ను-మీటర్లు. ఎస్ 240 జీపీ రకం ఉక్కు చదరపు సెంటీమీటరుకు సుమారు 2,450 కిలోల వద్ద సాగడం మొదలవుతుంది. అందులో మూడింట రెండు వంతులు, అంటే 1,630 కిలోలు మాత్రమే లెక్కలోకి తీసుకుంటే కావాల్సిన మాడ్యులస్ 480 ఘ.సెం.మీ. చిన్న సెక్షన్ సరిపోతుంది.

అదే తవ్వకం నాలుగున్నర మీటర్లయితే? లోతు పెరిగింది ఒకటిన్నర రెట్లే. వంపు మాత్రం దాదాపు మూడున్నర రెట్లయి 26.5 టన్ను-మీటర్లకు చేరుతుంది. కావాల్సిన మాడ్యులస్ 1,625. పీయూ 18 గానీ ఏజెడ్ 18-700 గానీ వాడాలి. పాతాల్సింది 6.6 మీటర్లు, మొత్తం పైల్ 12 మీటర్లు. తవ్వకం 6 మీటర్లయితే మాడ్యులస్ 3,850కి వెళ్తుంది. అక్కడ సెక్షన్ పెంచుకుంటూ పోవడం దండగ. గోడ పైభాగాన అడ్డ దూలాలు, బిగింపులు గానీ వెనుక లంగరు కడ్డీలు గానీ పెడితే చిన్న సెక్షన్‌తోనే పని జరుగుతుంది. వంపు లోతుకు మూడో ఘాతంలో పెరుగుతుందన్నదే ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం. 'ఇంకో అర మీటరు తవ్వితే ఏమవుతుంది' అన్న మాట సైటులో ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

నాలుగున్నర మీటర్ల లోతు, 30 మీటర్ల పొడవు గోడకు 12 మీటర్ల పైళ్లతో సరుకు లెక్క ఇలా ఉంటుంది. పీయూ 18 అయితే 50 పైళ్లు, 46 టన్నులు. ఏజెడ్ 18-700 అయితే 43 పైళ్లు, 39.5 టన్నులు. ఎఫ్‌ఎస్‌పీ-3 బలం చాలదు కనుక ఎఫ్‌ఎస్‌పీ-4 తీసుకోవాలి. దానికి 75 పైళ్లు, 68.5 టన్నులు. ఎఫ్‌ఎస్‌పీ-4 మాడ్యులస్ 2,270 కాబట్టి అవసరానికి మించిన బలం వస్తుంది. ఆ బలం అక్కర్లేని చోట కొంటే అది వృథా ఖర్చు. అదే పైల్ దగ్గరలో అద్దెకు దొరికితే తాత్కాలిక పనికి అదే లాభం. కొనుగోలు ధర ఒక్కటే కాక రవాణా, దింపుడు, తిరిగి లాగే ఖర్చు కలిపి చూడాలి.

నీరు చేరితే భారం రెట్టింపు

పై లెక్క అంతా పొడి ఇసుకకు వేసినది. గోడ వెనుక నీరు నిలిస్తే పరిస్థితి మారుతుంది. 3 మీటర్ల పొడి ఇసుక మీటరు గోడను 2.7 టన్నుల బలంతో నెడుతుంది. అదే ఇసుక పూర్తిగా నీటిలో మునిగితే ఇసుక నెట్టుడు 1.5 టన్నులకు తగ్గినా, నీరు ఒక్కటే 4.5 టన్నులు నెడుతుంది. మొత్తం 6 టన్నులు. అంటే రెండు రెట్లకు పైగా పెరిగినట్లే.

వేసవిలో వేసిన డిజైన్‌తో జూలైలో పని చేయకూడదనడానికి కారణం ఇదే. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదను ఈ ప్రాంతం మరిచిపోలేదు. ఆ వరదలో కన్నెపల్లి పంప్‌హౌస్ రక్షణ గోడ కూలి పంపులు మునిగాయి. గోడ వెనుక నీటి మట్టం ఎంత వరకు పెరగవచ్చన్నది డిజైన్ కాగితంపై మొదటి గీతగా ఉండాలి. గోడ పక్కనే క్రేన్లు, లారీలు నిలిపినా, తవ్విన మట్టి కుప్పలు పోసినా అదనపు భారమే.

ఊటను ఆపేది మందం కాదు, పొడవు

ఇప్పుడు చెలమలోని రెండో సంగతి. నీరు ఎత్తు నుంచి పల్లానికి నేల అడుగుగా ప్రయాణిస్తుంది. బయటికి వచ్చే చోట దాని వేగం హద్దు దాటితే ఇసుక రేణువులను ఎత్తుకుపోతుంది. ఖాళీ అయిన దారి వెనక్కి వెనక్కి పెరిగి గొట్టంలా మారుతుంది. దీనినే పైపింగ్ అంటారు. పైన కాంక్రీటు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. కింద మాత్రం నేల ఉండదు.

అవిభక్త పంజాబ్‌లో చీనాబ్ నదిపై ఖంకి ఆనకట్ట 1895లో, గంగానదిపై నరోరా ఆనకట్ట 1898లో దెబ్బతిన్నాక ఇంజినీర్లు ఈ విషయంపై దృష్టి సారించారు. ఖోస్లా, బోస్, టేలర్ 1936లో ప్రచురించిన సిద్ధాంతం నేటికీ బ్యారేజీల డిజైన్‌కు ఆధారం. నీరు బయటికి వచ్చే చోట ఉండే వాలును ఎగ్జిట్ గ్రేడియంట్ అంటారు. సన్న ఇసుకకు ఇది ఆరింట ఒకటి నుంచి ఏడింట ఒకటి లోపు ఉండాలి. ముతక ఇసుకకు ఐదింట ఒకటి నుంచి ఆరింట ఒకటి, కంకరకు నాలుగింట ఒకటి నుంచి ఐదింట ఒకటి వరకు అనుమతిస్తారు.

ఉదాహరణకు 5 మీటర్ల నీటి తేడా, 50 మీటర్ల అడుగు పలక ఉన్న కట్టడం తీసుకుందాం. దిగువ అంచున 3 మీటర్ల పైల్ దింపితే ఎగ్జిట్ గ్రేడియంట్ 5.6లో ఒక వంతు వస్తుంది. సన్న ఇసుకకు అది చాలదు. 6 మీటర్లు దింపితే 8.2లో ఒక వంతుకు తగ్గి భద్రమవుతుంది. దిగువ అంచున పైల్ అసలే లేకపోతే లెక్క ప్రకారం ఆ వాలుకు హద్దే ఉండదు. ఇక్కడ పైల్ 9 మి.మీ. మందమా, 13 మి.మీ. మందమా అన్నదానితో పని లేదు. ఎంత లోతుకు దిగింది, గాడులు ఊడకుండా దిగాయా అన్నవే ప్రశ్నలు.

దింపేటప్పుడు రాయి తగిలో, వంకర పోయో ఇంటర్‌లాక్ ఊడిపోవడం జరుగుతుంది. పైన చూస్తే గోడ నిండుగానే ఉంటుంది. కింద మాత్రం సందు పడుతుంది. నీరంతా ఆ సందు వైపే పరుగెడుతుంది. అందుకే ఊటను ఆపే గోడలో ఒక్క సందు పడినా పక్కనున్న మంచి పైళ్ల శ్రమ వృథా అవుతుంది.

మేడిగడ్డ చెప్పే పాఠం

మేడిగడ్డలో కటాఫ్‌గా వాడినవి ఉక్కు షీట్‌పైళ్లు కావు. ఒకదానిని ఒకటి కోసుకుంటూ పోసే కాంక్రీటు సీకెంట్ పైళ్లు. పదార్థం వేరైనా పని ఒక్కటే. అడుగున ఊటకు అడ్డుకట్ట వేయడం. 85 గేట్లున్న ఈ బ్యారేజీలో ఏడో బ్లాకు కుంగిన తర్వాత పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ, 2023 నవంబరులో ఇచ్చిన నివేదికలో పునాది ఇసుక పైపింగ్ ద్వారా కొట్టుకుపోవడాన్ని కారణాల్లో ఒకటిగా పేర్కొంది. సీకెంట్ పైళ్లు ఒకదానితో ఒకటి సరిగా కలిసేలా, పైళ్లకు అడుగు పలకకు మధ్య అతుకు సరిగా ఉండేలా నాణ్యత నియంత్రణ లోపించిందని కూడా ప్రస్తావించింది. ఆ తర్వాత జస్టిస్ పి.సి.ఘోష్ కమిషన్ విచారణ జరిపి 2025 జూలై 31న నివేదిక సమర్పించింది. బాధ్యత ఎవరిదన్న అంశం విచారణలకు, న్యాయస్థానాలకు సంబంధించినది. అడుగున వేసిన గోడ ఏదైనా దాని బలం అతుకులోనే ఉందన్నది మాత్రం ఈ ప్రాంత ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు అందరూ గ్రహించాల్సిన పాఠం.

నేల చాటున ఉన్న నీటి గురించి ఈ బొగ్గు పట్టణానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. గనిలోనైనా, నదిలోనైనా కంటికి కనిపించని అడ్డుగోడ కొలతలు కాగితంపై ఉంటే చాలదు, నేలలోనూ ఉండాలి.

బూడిద నేలలో తుప్పు లెక్క

తాత్కాలిక పనికి తుప్పు పెద్ద సమస్య కాదు. యాభై ఏళ్లు ఉండాల్సిన గోడకు మాత్రం కొనేటప్పుడే అదనపు మందం చూసుకోవాలి. యూరప్ ప్రమాణం ఇచ్చే అంచనాల ప్రకారం 50 ఏళ్లలో ఒక్కో ముఖం నుంచి పోయే మందం ఇలా ఉంటుంది. చెదరని సహజ నేలలో 0.60 మి.మీ., మామూలు నదీ జలాల్లో నీటి మట్టం వద్ద 0.90 మి.మీ., కలుషిత నేలలో 1.50 మి.మీ. గట్టిపరచని బూడిద, చిట్టెం నింపిన చోట ఏకంగా 3.25 మి.మీ.

బూడిదతో గుంతలు నింపడం మన ప్రాంతంలో మామూలే. పీయూ 18 గోడకు ఒక పక్క బూడిద, మరో పక్క సహజ నేల ఉంటే 50 ఏళ్లలో పక్క పలక 9.0 మి.మీ. నుంచి 5.15 మి.మీ.కు పడిపోతుందని ఈ లెక్క చెబుతుంది. మందంలో నలభై శాతానికి పైగా నష్టం. అటువంటి చోట ఒకటి, రెండు మెట్లు పై సెక్షన్ తీసుకోవడమో, పూత వేయడమో, బూడిదకు బదులు గోడ పక్కన శుభ్రమైన ఇసుక నింపడమో చేయాలి. గని నీరు చేరే చోట ఆ నీటి ఆమ్ల గుణాన్ని పరీక్షించాకే నిర్ణయం తీసుకోవాలి. ఉక్కు రకం పెంచితే తుప్పు తగ్గదు. ఎస్ 355 రకం వంపును ఎక్కువ తట్టుకుంటుందే తప్ప తుప్పు విషయంలో ఎస్ 240తో సమానమే.

ఎక్కడ దిగదు?

షీట్‌పైల్ అన్ని నేలలకూ మందు కాదు. నది ఇసుక, ఒండ్రు, మెత్తని బంకమట్టిలో చక్కగా దిగుతుంది. పెద్ద గుండ్లు, పాత కాంక్రీటు, ఇసుకరాయి తగిలితే మొన వంగిపోతుంది. బొగ్గు పొరలపై ఉన్న ఇసుకరాయి ఈ ప్రాంతంలో చాలాచోట్ల తక్కువ లోతులోనే తగులుతుంది. ఓపెన్‌కాస్ట్ అంచుల్లో, ఓబీ కుప్పల్లో బండరాళ్ల మధ్య షీట్‌పైల్ దింపాలనుకోవడం వృథా ప్రయాస. నేల పరీక్షలో ఎస్‌పీటీ సంఖ్య 50 దాటితే ముందుగా రంధ్రం వేయకుండా దింపడం కష్టం. వంపు లెక్కకు చిన్న సెక్షన్ సరిపోయినా గట్టి నేలలో దిగేందుకే మందమైన సెక్షన్ కావాల్సి రావచ్చు.

చల్లగా వంచిన పైళ్లు ధరలో చౌకగా ఉంటాయి. వాటి గాడులు వదులుగా ఉంటాయి కనుక నీరు ఎక్కువ కారుతుంది. పొడి నేలలో చిన్న తవ్వకాలకు పర్వాలేదు. నది మధ్యలో కాఫర్‌డ్యాం వంటి పనులకు వేడిగా రోల్ చేసినవే మేలు. ఇళ్ల మధ్య పని అయితే హ్యామర్ అదురు పాత గోడలను బీటలు వారుస్తుంది. అక్కడ పైల్‌ను నొక్కి దింపే యంత్రం వాడాలి, లేదా వేరే పద్ధతి చూడాలి.

సరుకు దిగగానే చేయాల్సిన పని

లారీ నుంచి దించగానే టేపుతో వెడల్పు, ఎత్తు, కాలిపర్స్‌తో మందం కొలవాలి. ఒక పైల్‌ను తూకం వేయించాలి. పట్టిక బరువుకు అటూ ఇటూ 5 శాతం వరకు తేడాను యూరప్ ప్రమాణం అనుమతిస్తుంది. పీయూ 18 పన్నెండు మీటర్ల పైల్ 923 కిలోలు ఉండాలి. 877 కిలోల కంటే తక్కువ తూగితే ప్రశ్నించాల్సిందే. వంకర కూడా పొడవులో 0.2 శాతం, అంటే 12 మీటర్లకు 24 మి.మీ. దాటకూడదు. అద్దె సరుకైతే గాడులను తప్పక చూడాలి. అదే సెక్షన్ చిన్న ముక్కను గాడిలో పై నుంచి కింది దాకా జార్చి చూస్తే చాలు. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ లోపం ఉన్నట్లు.

ఇవి గుర్తుంచుకోండి

* నేల పరీక్ష నివేదిక లేకుండా సెక్షన్ ఎంచుకోవద్దు. నివేదికలో వానాకాలపు నీటి మట్టం ఉందో లేదో చూడాలి.
* ముందు పొడవు, తర్వాత మాడ్యులస్, ఆపై తుప్పుకు అదనపు మందం. ఇదే వరుస.
* ధరలను టన్నుకు కాక, పూర్తయిన గోడ చదరపు మీటరుకు పోల్చాలి.
* వేర్వేరు కంపెనీల సెక్షన్లను కలిపి వాడొద్దు. గాడులు కలవకపోవచ్చు.
* మొదటి పైల్ నిలువుగా దిగేలా గైడ్ ఫ్రేమ్ వాడాలి. మొదటిది వాలితే చివరిదాకా వరుస వాలుతుంది.
* ప్రతి పైల్ ఎంత లోతు దిగిందో పుస్తకంలో రాయాలి. దిగకుండా ఆగిపోయిన పైల్ పైభాగాన్ని కోసి దాచేయడం నేరంతో సమానం.
* డిజైన్‌లో ఉన్న లోతుకు మించి ఒక్క అడుగు తవ్వినా డిజైన్ ఇంజినీరుకు చెప్పాలి.
* పై లెక్కలు అవగాహన కోసమే. అసలు పనికి అర్హత ఉన్న ఇంజినీరు సంతకం తప్పనిసరి. షీట్‌పైల్ గోడల డిజైన్‌కు ఐఎస్ 9527 మూడో భాగం మార్గదర్శకం.

గోడ కట్టేవారికి పునాది కనిపిస్తుంది. షీట్‌పైల్ విషయంలో గోడే నేలలో దాగి ఉంటుంది. గుంతలో దిగి పనిచేసే కూలీ ప్రాణం, దిగువన ఉన్న పొలం, ఊరు ఆ దాగిన భాగం మీదే ఆధారపడి ఉంటాయి. కాబట్టి దింపేముందే కొలవాలి, దింపినంతా రాసిపెట్టాలి.